సోఫా మంచం కావడానికి పట్టే ఇంగ్లీషు

ఇంగ్లీషు పాఠం చెప్పుకొని బతుకుదామనుకునేవాళ్ళు గొంతు సంగతి తరవాత, ముందు నడుము సంగతి చూసుకోవాలి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను గొంతుకంటే నడుమునే ఎక్కువ వాడాను. బెంచీలు మోశాను, సోఫా లాగాను, ఒకసారి మా ప్రిన్సిపాల్‌గారిని నేలమీంచి లేపాను. ఇవేవీ అపాయింట్‌మెంట్ ఆర్డర్లో లేవు.

మొన్న మా అశోక్‌నగర్ వీధిలో ఉండే అమ్మాయి ఒకతె ఎం.ఏ. ఇంగ్లీషు పాసై, ట్యుటోరియల్లో చేరబోతూ నా దగ్గరికి వచ్చింది. ఏ పుస్తకం చదువుకొని వెళ్ళమంటారు ఆంటీ అని అడిగింది. పుస్తకం కాదు, సుత్తి పట్టుకెళ్ళు అన్నాను. నవ్వేసి వెళ్ళిపోయింది. పెద్దవాళ్ళను సలహా అడగడం, చెబితే నవ్వడం ఈ కాలం పిల్లలకు రెండూ వచ్చు. ఆ అమ్మాయి కోసమే ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవాటికంటే రానివాటి కథలే బావుంటాయి గానీ, ఆపినవాళ్ళు ఇంకా చిక్కడపల్లి మార్కెట్లో కూరల దగ్గర ఎదురుపడుతున్నారు.

మారుట

నేను చేరిన ట్యుటోరియల్ కాలేజీ నారాయణగూడలో ఉండేది. కింద సైకిల్ షాపు, పైన రెండు గదులు, రేకుల వరండా. అంతే కాలేజీ. అరవైతొమ్మిది ప్రాంతం, తెలంగాణ ఉద్యమం రోజులు. ఊళ్ళో అసలు కాలేజీలు తెరిచిన రోజులకంటే మూసిన రోజులే ఎక్కువ కనక మా మెట్లు ఎప్పుడూ చెప్పులతో నిండి ఉండేవి. పొద్దున కోస్తావాళ్ళు వెళ్ళిపోవాలని గోడమీద రాసిన కుర్రాడే పదింటికి వచ్చి నా ముందు బెంచీలో కూచునేవాడు. ఇదేమిటయ్యా అని అడిగితే, "గోడ వేరే, బెంచీ వేరే మేడం" అన్నాడొకడు. మాదీ కోస్తాయే కనక నాకు కోపం రావలసింది. కానీ తర్కం బావుంది కదా, ఏం చేస్తాను.

మా ప్రిన్సిపాల్ పేరిశాస్త్రిగారు. కాలేజీ ఆయనదే, గంట ఆయనదే, వరండాలో ఉన్న పడక కుర్చీ కూడా ఆయనదే. నల్లకుంట నుంచి గొడుగు వేసుకొని నడిచి వచ్చేవారు. ఇంగ్లీషును ఎక్కంలా వల్లె వేయించాలన్నది ఆయన సిద్ధాంతం. ఒక మాటకు ఒక అర్థం. అంతకు మించి అడిగినవాడు పొగరుబోతు. నేను చేరిన మొదటివారంలో ఆయన పాఠం కిటికీ అవతలినుంచి విన్నాను.

"చేంజ్ అంటే?"

"మారుట."

"ఆల్టర్ అంటే?"

"మారుట."

"కన్వర్ట్ అంటే?"

"మారుట."

"ట్రాన్స్‌ఫామ్ అంటే?"

"మారుట."

మూడో మాటకల్లా కింద సైకిల్ షాపతను కూడా మారుట అంటూ పంపు కొడుతున్నాడు.

క్లాసు అయ్యాక వెళ్ళి అడిగాను. "అన్నీ మారుటే అయితే వాళ్ళు అన్ని మాటలు ఎందుకు పెట్టుకున్నారండీ?"

"చలిదేశం కదమ్మా. బయటికి వెళ్ళలేరు. ఇంట్లో కూచుని మాటలు పుట్టించుకున్నారు."

"మనకూ వంకాయ కూరకు పది పేర్లున్నాయి. అన్నీ కూరేనని మీ ఇంట్లో చెప్పి చూడండి."

ఆయన గొడుగు మూశారు. ఆయనకు కోపం వచ్చిందనడానికి అదే గుర్తు. "సరేనమ్మా సుభద్రా, ఆ పాఠం నువ్వే చెప్పు. పిల్లలు తప్పితే మాత్రం నీ పేరు చెబుతాను" అన్నారు.

కొత్తగా చేరేవాళ్ళకు ఇక్కడొక మాట. పైవాడు "నువ్వే చెయ్యి" అన్నాడంటే మెచ్చుకున్నాడని అర్థం కాదు. తిట్టడానికి ఒక మనిషిని చూసి పెట్టుకున్నాడని అర్థం.

చేతిలో వస్తువు ఉంటేనే నోట్లో మాట

నా పద్ధతి చాలా తేలిక. ప్రతివాడూ ఇంటినుంచి ఒక వస్తువు తేవాలి. దాన్ని ఇంకోటిగా చెయ్యాలి. చేస్తూ, ఏం చేస్తున్నాడో ఇంగ్లీషులో చెప్పాలి. జాకెట్టు చేతులు పొట్టి చేస్తే ఆల్టర్. జాకెట్టు జాకెట్టుగానే ఉంటుంది, కొంచెమే మారుతుంది. అదే చీరను చించి కిటికీకి కట్టావంటే కన్వర్ట్. దాని పనే మారిపోయింది. పాలు పెరుగైతే టర్న్ ఇంటు. మళ్ళీ పాలు కమ్మంటే అవవు. ట్రాన్స్‌ఫర్ అంటే మా నాన్నగారు. రాజధాని మారినప్పుడు కర్నూలు నుంచి హైదరాబాదుకు ఊరు మార్చారు, మనిషి మాత్రం పచ్చడి జాడీతో సహా అలాగే దిగాడు.

పిల్లలు దీనికి ఎగబడ్డారు. మరీ ఎగబడ్డారు. ఎక్స్ఛేంజ్ పాఠం చెప్పిన మర్నాడు ఒకడు స్టీలు పళ్ళెం తెచ్చి, "ఐ హావ్ ఎక్స్ఛేంజ్డ్ ఎ కోట్ ఫర్ ఎ ప్లేట్" అని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. శభాష్ అన్నాను. పాతబట్టలకు గిన్నెలిచ్చే ఆవిడ చిక్కడపల్లి సందుల్లో తిరుగుతూనే ఉండేది కదా, ఆవిడ దగ్గర మార్చాడు. మధ్యాహ్నం వాళ్ళ నాయన వచ్చాడు. కోటు పాతది కాదట. ఆయన ఆఫీసుకు వేసుకునేది.

"ఎక్స్ఛేంజ్ నేర్చిండు, మంచిగుంది," అన్నాడాయన మర్యాదగానే. "కోటు వాపస్ తెచ్చుడుకు ఇంగ్లీషుల ఏమంటరో అది గూడ జర నేర్పున్రి."

ఆ మాట ఇంకా పాఠంలోకి రాలేదన్నాను.

పాఠం చివర నేనొక మాట చేర్చాను: రిమెయిన్. ఉన్నది ఉన్నట్టే ఉండిపోవడం. పేరిశాస్త్రిగారు ఒప్పుకోలేదు. "మార్పుల జాబితాలో మారనిదాన్ని ఎందుకు పెట్టావు?" అన్నారు. మారనిదాన్ని ఏమంటారో తెలియనివాడికి మారేదాని సంగతి ఏం తెలుస్తుందండీ అన్నాను. ఆ మాటకు వస్తువు తెచ్చి చూపించవలసిన అవసరం కూడా రాలేదు. పక్కగదిలో ఆయన ఉన్నారు.

యాదగిరి, గిర్ని, తుమ్ములు

యాదగిరిది రాంనగర్. పి.యు.సి. ఇంగ్లీషు తప్పి, మళ్ళీ కట్టి, మళ్ళీ తప్పాడు. వాళ్ళ మేనమామకు పిండిమర ఉంది. వాళ్ళు గిర్ని అంటారు. చదువు అబ్బకపోతే వచ్చి గిర్నిలో కూచోమని మామ మాట. అందులో తప్పేముందని మీరనుకోవచ్చు, నేనూ అనుకున్నాను. వాడి కష్టం తుమ్ము. పిండి ముక్కులోకి పోయిందంటే వరసగా తుమ్ముతాడు.

"నేను తుమ్మితె వీళ్ళ జొన్నపిండి పోయి వాళ్ళ గోధుమపిండి మీద పడ్తది మేడం. రెండిండ్లోళ్ళు కొట్లాటకొస్తరు. మా మామ నన్నే కొడ్తడు. పొద్దూకేవరకు నేను మనిషి లెక్క ఉండ, పిండిబొమ్మ లెక్క అయిత."

"డాక్టరుకు చూపించావా?"

"చూపిచ్చిన. గిర్నిల కూసోకు అన్నడు."

ఆ గిర్ని తప్పించుకోవడానికి వాడికొక దారి దొరికింది. బషీర్‌బాగ్‌లో ఒక సోఫాల షాపు సేఠ్‌కు అమ్మకాలకు మనిషి కావాలి. షాపులోకి కొత్తగా సోఫా కమ్ బెడ్ వచ్చింది. పగలు సోఫా, రాత్రి మంచం. దాన్ని కొనడానికొచ్చిన గిరాకీ ముందు తెరిచి, ఇంగ్లీషులో వివరించి అమ్మాలి. సోమవారం రా, నా కళ్ళముందు ఒకటి అమ్ము, ఉద్యోగం నీది. అమ్మలేకపోతే నీ దారి నీదే అన్నాడట సేఠ్.

"తెలుగులో చెబితే కొనరా?" అన్నాను.

"తెలుగుల చెప్తే ధర తగ్గియ్యమంటరంట మేడం. ఇంగ్లీషుల చెప్తే తగ్గియ్యమన్నందుకు సిగ్గుపడ్తరంట."

సేఠ్ బడికి వెళ్ళాడో లేదో నాకు తెలియదు గానీ మనుషులను చదివాడు.

మా దగ్గర సోఫా లేదు. పడక కుర్చీ ఉంది. పేరిశాస్త్రిగారు భోజనం చేసి రావడానికి టైముంది కనక దాన్ని గదిలోకి లాగించాను. తోసినప్పుడు ఒక మాట, ఎత్తినప్పుడు ఒక మాట, లాగినప్పుడు ఒక మాట. "చేంజ్" అంటూ మెల్లిగా తోశాడు. "కన్వర్ట్" అంటూ లాగాడు. "ట్రాన్స్‌ఫామ్" అనడానికి బలం కావాలి కదా అని కుర్చీ గుడ్డను పట్టి ఉంచే కర్రనే ఊడబెరికాడు. బానే ఉంది, మళ్ళీ దూర్చు అన్నాను. ఇంతలో మెట్లమీద గొడుగు చప్పుడైంది. గబగబా కుర్చీని వరండాలో పెట్టాం. కర్ర యాదగిరి చేతిలోనే ఉండిపోయింది.

పేరిశాస్త్రిగారు జీవితంలో ఏనాడూ కుర్చీని చూసి కూచోలేదు. తన కుర్చీ తనను మోసం చేస్తుందా అన్న నమ్మకం. కూచున్నారు. గుడ్డతో సహా కిందికి దిగిపోయారు. కాళ్ళు పైన, తల కుర్చీ చట్రంలో.

"ఏమిటిది?" అన్నారు అక్కడినుంచే.

యాదగిరికి వారంరోజులుగా నేను ఒకటే నూరిపోశాను కదా, వస్తువు మారిన వెంటనే చెప్పాలని. కర్ర చేత్తో పట్టుకొని అటెన్షన్లో నిలబడ్డాడు.

"ఇట్ హాజ్ కన్వర్టెడ్ సర్."

"దేనిగా?"

"ఫ్రమ్ చెయిర్ టు ఫ్లోర్ సర్."

వాక్యంలో తప్పేమీ లేదు. ఆయనను లేపుతూ ఆ సంగతే చెప్పాను. ఆ సమయంలో చెప్పవలసింది కాదేమో గానీ, నిజం నిజమే కదా.

నడుము రాసుకుంటూ ఆయన తీర్పు చెప్పారు. "వీడు సోమవారం సోఫా అమ్మితే నీ వస్తువుల పాఠం నీ ఇష్టం. అమ్మలేకపోతే వీడు గిర్నికి, నువ్వు మారుటకి."

సోమవారం

నేనూ వెళ్ళాను. సామాను చూడడానికి వచ్చినట్టు ఒక బీరువా తలుపు తీస్తూ వేస్తూ నిలబడ్డాను. యాదగిరి తన మామ దగ్గర అడిగి తెచ్చుకున్న తెల్లచొక్కా వేసుకొని, తలకు నూనె రాసి, సోఫా పక్కన నిలబడి ఉన్నాడు. భయానికి గిర్నిలో కూచోకుండానే పిండిబొమ్మలా ఉన్నాడు.

కాసేపటికి దంపతులు వచ్చారు. మా కోస్తా వైపు మనుషులని చూడగానే తెలిసింది. తరవాత తెలిసిందేమిటంటే, ఆయన పెద్ద ఆఫీసులో గుమాస్తా, కాపురం అశోక్‌నగర్లో. ఆవిడ పేరు కామేశ్వరమ్మ. ఆయన ఉత్సాహంగా ఉన్నారు. ఆవిడ పెదవులు బిగించి ఉన్నారు.

"మాకు ఊరినుంచి రాకపోకలెక్కువ," అన్నారాయన సేఠ్‌తో. "మా అన్నయ్య వస్తారు, వాళ్ళ పిల్లలు పరీక్షలకు వస్తారు, వాళ్ళ బావమరిది ఆసుపత్రికి వస్తాడు. పడుకోడానికి ఇలాంటిది ఉంటే సుఖం."

"ఎవరికి సుఖం?" అన్నారు కామేశ్వరమ్మగారు సోఫాతో.

ఇప్పటి పిల్లలకు తెలియదు. అప్పట్లో కోస్తానుంచి వచ్చి హైదరాబాదులో కాపురం పెట్టినవాడి ఇల్లు అతని ఇల్లు కాదు. ఊరి చుట్టాలందరికీ సత్రం. వచ్చినవాళ్ళు చార్మినార్ చూసి వెళతామనేవారు. చార్మినార్ చూడడానికి వాళ్ళకు నెల పట్టేది.

సేఠ్ చిటికేశాడు. "చలో భాయ్, చూపియ్యి."

యాదగిరి గొంతు సవరించుకున్నాడు. "సర్, మేడం, దిస్ ఈజ్ ఎ సోఫా. నౌ ఇట్ విల్ చేంజ్." మెల్లిగా తోశాడు.

సోఫా కదల్లేదు.

"ఇట్ విల్ టర్న్ ఇంటు ఎ బెడ్." ఎత్తాడు. లేవలేదు.

"ఇట్ విల్ కన్వర్ట్." లాగాడు. లోపలెక్కడో స్ప్రింగు కుయ్యిమంది గానీ రాలేదు.

"ఇట్ విల్ ట్రాన్స్‌ఫామ్." కాలు అడ్డం పెట్టి లాగాడు. మామ చొక్కా చంకలో చిరిగింది.

సేఠ్ నవ్వుతూ లేచి, "కొత్త మాల్ సాబ్, జర టైట్ ఉంటది" అని ఒక పక్క పట్టుకున్నాడు. ఇద్దరూ లాగారు. నేను ఇంక ఆగలేక బీరువా వదిలి మూడోదాన్నయ్యాను.

"మీరెవరు?" అన్నాడు సేఠ్.

"గిరాకీని" అన్నాను. ముగ్గురం లాగాం. సోఫా మమ్మల్ని లాగింది గానీ తను రాలేదు.

సేఠ్ చెమట తుడుచుకుంటూ యాదగిరివైపు చూసిన చూపులో గిర్ని తిరుగుతూ కనబడింది నాకు. వాడి దగ్గర మాటలన్నీ అయిపోయాయి. నావైపు చూశాడు. నేనేం చెప్పగలను, నా పాఠమూ అంతే. అప్పుడు వాడు సోఫా చేతిమీద అరచెయ్యి పెట్టి, తగ్గిన గొంతుతో, తప్పు లేకుండా అన్నాడు.

"మేడం, దిస్ సోఫా విల్ నాట్ చేంజ్. ఇట్ విల్ రిమెయిన్."

కామేశ్వరమ్మగారు మొదటిసారి తలెత్తారు. "ఏమంటున్నావబ్బాయ్?"

"ఇది మారదమ్మా. గిట్లనే ఉంటది."

"మంచం అవదా?"

"కాదమ్మా."

"ఎవరొచ్చినా?"

"ఎవ్వలొచ్చినా."

"మగవాళ్ళు పట్టి లాగితే?"

"సేఠ్ సాబ్ లాగిండు గద, మీరే చూసిన్రు."

ఆవిడ సోఫా చుట్టూ ఒకసారి తిరిగారు. గుళ్ళో ప్రదక్షిణం చేసినంత శ్రద్ధగా. తరవాత కూచున్నారు. తరవాత అన్నారు, "ఏమండీ, ఇదే తీసుకుందాం."

"మంచం అవదంటున్నాడే."

"అందుకే."

"మరి మా అన్నయ్య..."

"బావగారికి ఇవాళే ఉత్తరం రాయండి, మీ కోసం సోఫా కమ్ బెడ్ కొన్నామని. వస్తే తెరవబోదాం. తెరుచుకోకపోతే మన తప్పా?"

ఆయన జేబులోంచి పర్సు తీశారు. సేఠ్ మాత్రం చేజేతులా చెడగొట్టబోయాడు. "ఫికర్ చేయకున్రి అమ్మా, మిస్త్రీని పిలుస్త, ఐదు నిమిషాలల్ల తెరుస్తడు."

"మిస్త్రీ ముట్టుకున్నాడంటే నాకొద్దు" అన్నారు కామేశ్వరమ్మగారు.

సోఫా రిక్షా ఎక్కింది. సేఠ్ యాదగిరి చిరిగిన చంక చూసి, "రేపటి సంది రా. ఇంకో అంగి తొడుక్కొని రా" అన్నాడు.

లెక్క తేలలేదు

కాలేజీకి వెళ్ళి గెలిచానన్నాను. పేరిశాస్త్రిగారు అంతా విని, గొడుగు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచారు. "వాడు అమ్మింది మారనిదాన్ని. నీ పాఠం మారడం గురించి. కాబట్టి గెలిచింది నేను" అన్నారు. రిమెయిన్ అనే మాట నేనే కదా నేర్పాను అన్నాను. జాబితాలో చేరని మాట లెక్కలోకి రాదన్నారు. ఇలా ఒక నెల గడిచింది. అన్ని రోజులూ ఎవరి పాఠం వాళ్ళం చెప్పుకున్నాం.

నెల తరవాత యాదగిరి పరిగెత్తుకుంటూ మెట్లెక్కి వచ్చాడు.

"మేడం, పరేషాన్ అయింది. కామేశ్వరమ్మగారు షాపుకొచ్చిన్రు. మారదన్నవ్, మారింది అని లొల్లి పెడ్తున్రు."

జరిగిందేమిటంటే, బావగారు దిగారు. ఏలూరునుంచి. మనిషి భారీ. సోఫాలో ఒక్కసారి కూలబడేసరికి ముగ్గురం లాగినా రానిది దానంతటదే తెరుచుకొని మంచమైంది. ఆయన లేవలేదు. హాయిగా ఉందని అలాగే వెనక్కి వాలారు. వారమైంది, ఇంకా చార్మినార్ చూడలేదు.

"సోఫా కమ్ బెడ్ మంచమైందని ఫిర్యాదు చేసిన మనిషిని సేఠ్ ఎప్పుడూ చూడలేదంట మేడం. నవ్వాల్నో నన్ను తీసెయ్యాల్నో సమజైత లేదన్నడు. పోయి అమ్మను సముదాయించు, లేకుంటే నువ్వు అటే పో అన్నడు." వాడి చేతిలో సుత్తి, జేబులో మేకులు ఉన్నాయి. "గంతా ఎప్పటిలెక్క చేస్త. గని ఆ పెద్దమనిషి అడిగితె ఏం చెప్పాలె? ఎప్పటిలెక్క చేసుడును ఇంగ్లీషుల ఏమంటరు?"

కోటు పోగొట్టుకున్న నాయన అడిగిన ప్రశ్నే అది. ఈసారి జవాబు దాచలేదు. "రెస్టోర్" అన్నాను. మెట్లు దిగుతూ నాలుగుసార్లు అనుకున్నాడు.

తరవాత సంగతి కామేశ్వరమ్మగారు నాకు మార్కెట్లో చెప్పారు. యాదగిరి వెళ్ళేసరికి బావగారు మంచంమీద పేపరు చదువుతున్నారట. ఎవర్నువ్వు, ఏమిటిది అన్నారట. వీడు అటెన్షన్లో నిలబడి, "సర్, ఐ యామ్ రెస్టోరింగ్" అన్నాడట. ఆయనకు ఇంగ్లీషు రాదు. రాదని మరదలి ముందు ఒప్పుకోవడం ఇష్టం లేదు. "ఆ, కానీ కానీ" అని లేచి పక్కకు నిలబడ్డారట. వీడు సోఫా మూసి, నాలుగు వైపులా మేకులు దిగ్గొట్టి, నమస్కారం పెట్టి వచ్చాడు. బావగారు చాలాసేపు ఆ మేకులను చూసి, సాయంత్రం బండికి ఏలూరు వెళ్ళిపోయారు. వెళుతూ, మీ ఊళ్ళో సామానుకు కూడా గవర్నమెంటు రూల్సున్నాయేమిట్రా అని తమ్ముణ్ణి అడిగారట.

యాదగిరి ఉద్యోగం నిలిచింది. మర్నాడు మిఠాయి పట్టుకొచ్చి కథంతా మా క్లాసుకు చెప్పాడు, సుత్తి దెబ్బలతో సహా. తరవాతి గంట పేరిశాస్త్రిగారిది. కొత్త మాట వచ్చిందని ఆయనకూ తెలిసింది కనక వల్లెలో చేర్చబోయారు. నేను కిటికీ అవతల నిలబడి విన్నాను.

"చేంజ్ అంటే?"

"మారుట."

"కన్వర్ట్ అంటే?"

"మారుట."

"రెస్టోర్ అంటే?"

క్లాసంతా ఒక్క గొంతుతో చెప్పింది. "మేకులు కొట్టుట."